సదయ్య కాక కొట్టి తెచ్చిన రేటింగు

సదయ్య కాకకు చెయ్యి ముందు, మాట వెనక. గనిని మా గోదావరిఖనిలో బాయి అంటాం. ఆ బాయిలో బొగ్గుకు మందు పెట్టి పేల్చీ పేల్చీ రిటైరైన మనిషి. బయటికొచ్చాక మనుషుల్నీ అలాగే పేల్చేవాడు. ప్రమాదం జరిగిన రోజుల్లో ఇంటి ఆడవాళ్లకు పుకారు ముందు, కబురు తర్వాత చేరేది. ఆ కోపంతోనే చిన్న ఎఫ్ఎం స్టేషన్ పెట్టాడు. పొద్దున్నే మైకు ముందు కూర్చునేదాన్ని నేను. నా పాట నచ్చకపోతే కుర్చీని తన్నేవాడు. ఆయనంటే నాకు భయం కంటే ఒళ్లుమంటే ఎక్కువ.

ఈలోగా ఓపెన్‌కాస్టు గని నుంచి తవ్విపోసిన మట్టి గుట్టై లేచి, సెంటినరీ కాలనీ వైపు మా సిగ్నల్‌కు అడ్డం నిలిచింది. అదే సమయానికి పట్నం వాళ్లెవరో అవతలి వైపు పెద్ద టవరుతో కొత్త స్టేషన్ తెరిచారు. రేడియోలో వాళ్ల నంబరు మా నంబరు పక్కనే. కాలనీలో మమ్మల్ని పెడితే కాసేపు గురగురలాడి వాళ్ల పాటే పలికేది. మాకు ప్రకటనలిచ్చే ఒకే ఒక్క బట్టల దుకాణం సేటు, సర్వే చేయిస్తాననీ, ఎక్కువ మంది వినేవాళ్లకే తన ప్రకటననీ తేల్చేశాడు. అది పోతే మా స్టేషన్‌కు తాళమే.

ఆ మాట వినగానే కాక నన్ను బండెక్కించుకుని కాలనీలో రాజం చాయ్ హోటల్‌కు పోయాడు. రేడియోలో పట్నం వాళ్ల పాట మోగుతోంది.

"ఏందిరా రాజం, ఎవని పాటరా ఇది?"

"నీదే పెట్టిన కాకా. గుట్ట అడ్డమొచ్చి గదే పలుకుతాంది."

ఆ మాట పూర్తికాకముందే రాజం చెంప పేలింది. రేడియో పొయ్యిలో పడింది. రాజం ఏమైనా తక్కువ తిన్నాడా, గరిటె తీసి కాక నుదురు చీల్చాడు. ఇద్దరూ కలబడి బల్ల విరగ్గొట్టారు. కాక పిడికిలికి రాజం పన్ను ఊడి నెత్తురు గళ్ల లుంగీ మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద తీయడమంటే ఇదే.

"కాకా, ఆయన నిన్నే విందామనుకున్నడే! కొట్టాలంటే ఆ గుట్టను కొట్టు!" అని అరిచాను.

"గుట్ట మాటింటదా బిడ్డా? మనిషైతే ఇంటడు," అన్నాడు కళ్లలోకి కారే నెత్తురు తుడుచుకుంటూ.

రాజం పన్ను ఊడిన సంగతి ఊరంతా పాకింది. మనుషులు నిజంగానే మాట విన్నారు. యూనియన్ ఎన్నికలప్పుడు ఏ జెండా వాడు గడపలోకొచ్చి అడిగినా "ఓటు నీకేనే అన్నా" అనడం మా బొగ్గు బెల్టుకు అలవాటు. సర్వేకు వచ్చిన అన్విత అనే అమ్మాయి ఏ ఇంట్లో ఏ స్టేషన్ వింటారని అడిగినా ఒకటే జవాబు: "మా సదయ్య కాకదే."

కాక తలకు కట్టుతోనే మీసం దువ్వుకుంటూ సేటు దుకాణానికి వచ్చాడు. అన్విత ఆయన ముందే సేటుకు చెప్పింది.

"గుట్ట వెనక వీళ్ల సిగ్నల్ లేనేలేదు సార్. నేనే తిరిగి చూశాను. అక్కడ కూడా ఇంటింటా వింటున్నామన్నారు. భయపడి చెప్పారు. ఇక సిగ్నల్ ఉన్న గోదావరిఖనిలో చెప్పింది మాత్రం ఎలా నమ్మను? వీళ్లకొచ్చిన జవాబులన్నీ కొట్టేస్తున్నాను."

కాక చెయ్యి లేచింది. ఆ పిల్ల గోడకు అతుక్కుపోయింది. నేను ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని వేలాడాను.

ప్రకటన పట్నం వాళ్లకు పోయింది. స్టేషన్‌కు తాళం వేసిన సాయంత్రం కాక మళ్లీ రాజం దగ్గరికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను.

"రాజం, నిజం చెప్పరా. ఖనిల నీ బిడ్డ ఉంటది గదా. నా రేడియో ఇంటుండెనా?"

రాజం రెండడుగులు వెనక్కి వేసి చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంటుండె కాకా. దినాం ఇంటుండె."

అది నిజం. ఆ పిల్ల రోజూ నాకు ఫోన్ చేసి పాట అడిగేది. ఆ మాటే చెప్పాను. కాక నా వైపు, రాజం చెంప మీది చేతి వైపు చూశాడు. మా ఇద్దరిలో ఎవరినీ నమ్మలేక బండెక్కాడు.