మరిగించిన మజ్జిగ

యాంటీబయాటిక్ మాత్రలు నా జ్వరాన్ని పంపించేశాయి, పనిలో పనిగా కడుపునీ పాడుచేశాయి. పదిహేను రోజులు తిన్నది నిలవలేదు. మనిషే నిలబడలేకపోతే షేర్ ఆటో ఎవరు తోలుతారు? అది ఇంటి ముందే పడి ఉంది.

ఓ పొద్దున డాక్టరుగారి దగ్గర్నుంచి వస్తుంటే, తిరువూరు బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ స్టీలు గిన్నె మూత తీసింది. లోపల రాత్రి తోడుపెట్టిన చద్దన్నం, ఉల్లిపాయ ముక్కలు.

నా నోరు ఊరుకోదు కదా. “ఏంటండీ, ఇంట్లో గ్యాసయిపోయిందా?” అన్నాను.

“గ్యాసుంది. నీ మొహంలోనే కళ లేదు. ఏమైంది నాయనా?”

చెప్పాను.

“మాత్రలు చెడ్డ క్రిములతో పాటు మంచివాటినీ చంపేసుంటాయి. మజ్జిగ తాగు.”

“తాగుతున్నానండీ. అన్నీ కాచి తాగమన్నారు డాక్టరుగారు. అందుకని మా ఆవిడ మజ్జిగ కూడా మరిగించి ఇస్తోంది. విరిగిపోయినా వదలట్లేదు.”

ముద్ద ఆవిడ నోటి దగ్గరే ఆగిపోయింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. “ఆ మజ్జిగతో ఓసారి పాలు తోడేసి చూడు” అంది. ఇంతలో బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి రెండు గ్లాసుల్లో పాలు తోడేశాను. ఒకదానికి మామూలు మజ్జిగ, రెండోదానికి మరిగించినది. తెల్లారేసరికి ఒకటి గడ్డపెరుగైంది, రెండోది పాలుగానే ఉంది. ఆ రోజు నుంచి మా ఆవిడ మజ్జిగని పొయ్యి మీద పెట్టలేదు.

ఇప్పుడు ఆటో గంపలగూడెం దాకా నా కడుపు కోసం ఎక్కడా ఆగకుండా వెళ్తోంది. కాచని మజ్జిగ వల్లో, రోజులు గడిచినందుకో తెలీదు. మొన్న క్రిముల్ని చంపడానికి మాత్రలు మింగినవాణ్ణి, ఇప్పుడు క్రిముల్ని పెంచడానికి మజ్జిగ తాగుతున్నాను. నేనెవరి పక్షమో నాకే అర్థం కావడం లేదు.