ముడులు వేసిన దారం

కళ్యాణదుర్గం బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె సంచి నిండా ముడులు వేసిన దారాలున్నాయి. రవిక కుట్టి ఇస్తాను, దుడ్లు ముందే ఇమ్మంది.

“మిషను యాడుండాది?” అన్నాను.

“ఇంకా కొనలేదక్కా. పాతదొకటి మాట్లాడుకున్నా. రేపటికి దుడ్లు ఇయ్యకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తారంట. ఒక్క రవిక దుడ్లు తక్కువుండాయి.”

కండక్టరు పకపకా నవ్వాడు. “మిషనే లేదు, రవికలు అమ్ముతాండాది! దిగినాక యాడ ఎతుక్కుంటావమ్మా?”

ఆమె చలించలేదు. ఊగే బస్సులోనే దారంతో నన్ను కొలిచి, కొలతకొక ముడి వేసింది.

“రాసుకోవా?”

“నాకు చదువు రాదక్కా.”

అప్పటికి నాకూ రాదు. నా ఎడమ భుజం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. “ఇది కిందికి దిగిందక్కా. బిందె ఈ పక్కే మోస్తావు కదా?”

నన్ను కన్నవాళ్లు కూడా గమనించని సంగతి అది. కొంగు ముడి విప్పి రెండు రోజుల కూలి ఆమె చేతిలో పెట్టాను. మూడో సంతనాడు ఇక్కడి బస్టాండులో రవిక ఇస్తానంది. నేను పేరైనా అడగలేదు.

చెప్పినట్టే ఆ రోజుకు బస్టాండులో నిలబడి ఉంది. రవికతో పాటు దారం కూడా ఇచ్చింది. “పెట్టుకోక్కా. ఇంకెవరు కుట్టినా పనికొస్తాది.”

రెండు భుజాల మీదా సరిగ్గా కూర్చున్న మొదటి రవిక అదే.

తర్వాత చాలా ఏళ్లకు అక్షరాలు, అంకెలు నేర్చుకున్నాను. టేపు చదవడం వచ్చినా దర్జీలకు ఆ దారమే ఇచ్చేదాన్ని. ఎడమ భుజం ముడి దగ్గరికి రాగానే ప్రతి దర్జీ ఆగి, ఒకసారి నా వంక చూసేవాడు.