సగం దయ్యాల పుస్తకం

2004 జూన్ 22, మంగళవారం, మధ్యాహ్నం రెండుంబావు. గద్వాలలోని నా పెండ్లికార్డుల దుకాణంలో ఒక్కదాన్నే కూర్చుని పాత నమూనా కార్డులు తుడుస్తున్నాను. ఆషాఢం వచ్చి నాలుగు రోజులైంది. ఆ ఏడు ఆషాఢం వెంటనే అధిక శ్రావణం కూడా పడింది. అంటే దాదాపు రెండు నెలలు ముహూర్తాలు లేవు. ముహూర్తాలు లేకపోతే కార్డులు లేవు. మా ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. దుకాణం నేనే నడుపుతున్నాను.

ఆ సమయానికి అతను వచ్చాడు. గద్వాల చీరల అంచులకు గళ్లకాగితం మీద డిజైన్లు గీసే మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. నా కార్డుల చుట్టూ వేసే లతలు, హంసలు అప్పుడప్పుడు అతనే గీసిచ్చేవాడు. చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాడు. చీరల సేటు కంప్యూటరు తెప్పించాడట. ఇక డిజైన్లన్నీ అందులోనేనట. వాడకట్టులో నలుగురు బొంబాయికి కట్టడం పనికి పోతున్నారని, వాళ్లతో తనూ పోతున్నానని చెప్పాడు.

"ఆ కాలుతోని పైకెట్ల ఎక్కుతవు తమ్మీ?" అని అడిగాను.

"ఎందుకెక్కుత? కిందనే కూసోని ఇసుక జల్లిస్త. దానికి కాలుతోని ఏం పని అక్కా?"

నవ్వుతూనే అన్నాడు. ఇసుక జల్లించడానికి ఎవరినీ కూర్చోబెట్టరని ఇద్దరికీ తెలుసు. ఒక వారం ఆగమని చెప్పి పంపాను. వారంలో ఏం చేయగలనో అప్పటికి నాకే తెలియదు.

ఆ సాయంత్రం బస్టాండుకు పోయాను. నాకు దయ్యాల కథలంటే చిన్నప్పటినుంచి ఇష్టం. అక్కడి పుస్తకాల దుకాణానికి ఒక బొమ్మల నెలపత్రిక వచ్చేది. ఒక్కో సంచికలో మూడు నాలుగు కథలు. ఒకటి దయ్యానిది, ఒకటి హత్యది, ఒకటి చివరి దాకా ఏమిటో తెలియనిది. ఏడేళ్లుగా ఒక్క నెల కూడా విడవకుండా కొంటున్నాను. మార్చి తరువాత రాలేదు. దుకాణం అతన్ని అడిగితే, "బందయిందంట పెద్దమ్మా. ఇంక రాదు," అన్నాడు. ఇంటికి నడుస్తూ ఆలోచించాను. నా దగ్గర కాగితం ఉంది, రంగు ఉంది, రెండు నెలల ఖాళీ ఉంది. గీసే చెయ్యి ఊళ్లోనే ఉంది, ఇంకా బస్సెక్కలేదు. మరునాడు పొద్దున్నే అతని ఇంటికి కబురు పెట్టాను.

మనుషుల మొహాలు తాను ఎప్పుడూ గీయలేదన్నాడు. దయ్యాలు మనుషులు కాదు కదా అన్నాను. ఆ మాటకు ఒప్పుకున్నాడు. ఒక్కో బొమ్మకు ఇంత అని మాట్లాడుకున్నాం.

నా దుకాణంలో పెద్ద యంత్రాలేమీ లేవు. చెక్క చట్రానికి సన్నటి గుడ్డ బిగించి, దాని మీద మందు పూస్తాం. ట్రేసింగ్ కాగితం మీద నల్లసిరాతో గీసిన బొమ్మను దానికి ఆనించి ఎండకు చూపిస్తాం. తరువాత నీళ్లతో కడిగితే బొమ్మ ఉన్నంత మేర మందు కరిగిపోతుంది. ఆ సందుల్లోనుంచి రంగు కిందికి దిగుతుంది. పెండ్లికార్డులు వేసేది ఇట్లాగే. దయ్యాలనూ ఇట్లాగే వేశాం.

మొదటి సంచికకు మూడు కథలు నేనే రాశాను. అతను గళ్లకాగితం మీద ట్రేసింగ్ కాగితం పరిచి, ఒక్కో గడీ చూసుకుంటూ గీశాడు. దయ్యం జుట్టు మామిడిపిందెల లతలాగా మెలికలు తిరిగింది. పళ్లు చీర అంచు మీది గోపురాల్లాగా ఒకే ఎత్తున నిలబడ్డాయి. నాకు నచ్చింది. నడిమి పేజీలో నిండుగా ఒక్క దయ్యం మొహమే ఉండాలని చెప్పాను. అతను ఇచ్చిన కాగితంలో సగం మొహమే ఉంది. ఒక కన్ను, సగం ముక్కు, సగం నోరు. నడిమి గీత దగ్గర కోసినట్టు ఆగిపోయింది. మిగతా సగం తెల్లకాగితం.

ఎంత బాగా ఆలోచించాడు అనుకున్నాను. అతన్ని ఏమీ అడగకుండా మూడు వందల కాపీలు వేసి తాళ్ల మీద ఆరేశాను.

సాయంత్రం కాగితాలు మడిచేందుకు అతను వచ్చాడు. తాళ్ల కింద ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. "ఇంకో సగం ఏదక్కా?" అని అడిగాడు.

"నువ్వు గీస్తే గద ఉండెటిది."

"నేనెందుకు గీస్త? మీరు తిప్పుతరు గద."

అప్పుడు నాకు అర్థమైంది. చీర అంచులో ఎదురెదురుగా రెండు హంసలు కావాలంటే గీసేవాళ్లు ఒక్క హంసనే గీస్తారు. రెండో హంసను మగ్గమే తిప్పి నేస్తుంది. ఇరవై ఏళ్లుగా సగం గీసి వదిలేయడమే అతని పని. నా చట్రం కూడా మగ్గంలాంటిదే అనుకున్నాడు. అతని పని మీద నాకు, నా పని మీద అతనికి ఉన్న నమ్మకం కొద్దీ ఇద్దరం ఒక్క మాటా అడగలేదు.

కాగితం అంతా అయిపోయింది. మళ్లీ వేయడం కుదరదు. పారేస్తే అతనికి ఇవ్వాల్సింది ఇవ్వలేను. అట్లాగే మడిచి కుట్టి, సంతరోజు చూసుకుని పెబ్బేరుకు తీసుకుపోయాం. ఎడ్ల బేరాలు జరిగే చోటికి కొంచెం దూరంలో గోనెపట్ట పరిచి కూర్చున్నాం. మొదటి గంటలో ఎవరూ కొనలేదు. చివరికి పగ్గం భుజాన వేసుకున్న ఒక ఎడ్ల బేరగాడు వంగి పుస్తకం తీశాడు. పేజీలు తిప్పుతూ నడిమి పేజీ దగ్గర ఆగాడు.

"గీని ఇంకో సగం ఏడవోయింది?"

నేను ఏదో సర్ది చెప్పబోయేంతలో మావాడు తల కూడా ఎత్తకుండా, "నీ ఎన్కనే ఉన్నది. సూస్కో," అన్నాడు.

ఆ మనిషి నిజంగానే వెనక్కి తిరిగాడు. ఎవరిదో బర్రె అతని భుజం మీదికి మూతి చాపి నిలబడి ఉంది. అతను ఎగిరి పక్కకు దూకాడు. చుట్టూ ఉన్నవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. అతనూ నవ్వాడు. ఒక పుస్తకం కొనుక్కుని, తన తోడల్లునికి చూపిస్తానని ఇంకోటి కొన్నాడు. పొద్దు వంగేసరికి తెచ్చినవన్నీ అయిపోయాయి. ఆ ఎడ్ల బేరగాడు ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. అతనికి నేను రుణపడి ఉన్నాను.

అప్పటినుంచి అదే పద్ధతి పెట్టుకున్నాం. సంచికకు మూడు కథలు, నడిమి పేజీలో సగం దయ్యం. ముహూర్తాలు ఉన్న నెలల్లో కార్డులు, లేని నెలల్లో దయ్యాలు. ఏడాదికి ఐదు సంచికలు వచ్చేవి.

కథలకు కొరత రాలేదు. కార్డులు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు అక్షరాలు సరిచూసుకునే దాకా కూర్చోవాలి. ఆ సమయంలో వాళ్ల ఊళ్లో దయ్యం ఉందా అని అడిగేదాన్ని. కొందరికి కోపం వచ్చేది. పెండ్లి పనికి వస్తే ఇదేం మాట అనేవాళ్లు. ఇటిక్యాలనుంచి వచ్చిన ఒకాయన తన బిడ్డ కార్డులు దయ్యాలను వేసే బల్ల మీద వేయవద్దని పట్టుపట్టాడు. బల్ల మీద కొత్త రెక్సిన్ పరిచి, దయ్యాల చట్రాలు వెనుక గదిలోకి మార్చాను. కానీ ఎక్కువమంది చెప్పేవాళ్లు. మనవడి పెండ్లికార్డులకని బల్మూరునుంచి వచ్చిన ఒక అవ్వ మాత్రం ఒక షరతు పెట్టింది. మొదటి కార్డు నాలుగు మూలలకు పసుపు పెట్టి దేవుని ముందర ఉంచుతారు కదా, ఆ పసుపు పెట్టే లోపలే కథ చెప్పాలి, పెట్టినాక చెడ్డమాట నోట రాకూడదు.

"పసుపు డబ్బ జర అవతల పెట్టు బిడ్డా. చెప్పుడైనంక తెద్దువు," అన్నది.

అడవిలో కట్టెలకు పోయినవాడికి తన గొంతే దూరంనుంచి తనను పిలిచిన కథ చెప్పింది. అది మా ఆరో సంచికలో వచ్చింది. అప్పటినుంచి ఎవరొచ్చినా కథ అయ్యేదాకా పసుపు డబ్బా గూట్లోనే ఉండేది.

నాగర్‌కర్నూలులో బస్టాండు దగ్గరి సోడాల దుకాణంలో మా పుస్తకాలు తాడుకు వేలాడేవి. 2006 జనవరిలో అమ్ముడుపోనివి తెచ్చుకుందామని పోయాను. చూస్తే నడిమి పేజీల్లోని దయ్యాలకు మిగతా సగం ఎవరెవరో పెన్సిలుతో గీసిపెట్టారు. బస్సు కోసం చూస్తూ నిలబడి, కొనకుండానే బొమ్మ పూర్తి చేసి పోయారు. ఒకరు మీసం పెట్టారు. ఒకరు కళ్లద్దాలు పెట్టి కింద 'మా లెక్కల సారు' అని రాశారు. నాకు చాలా కోపం వచ్చింది. వాటిని తీసుకొచ్చి మావాడి ముందు వేశాను. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మగ్గం తిప్పితే ఒక్కతీరుగనే వస్తది అక్కా," అన్నాడు. "గీళ్లు ఒక్కొక్కరు ఒక్కోతీరుగ తిప్పిన్రు."

అమ్ముడుపోని ఆ కాపీలను తనకే ఇమ్మని అడిగి తీసుకుపోయాడు.

ఏటా దసరా అయ్యాక గుంపు మేస్త్రీ వాళ్ల వాడకట్టుకు వచ్చేవాడు. ముందుగా కొంత చేతిలో పెట్టి, మనుషులను బొంబాయికి తీసుకుపోయేవాడు. మావాణ్ణి అడిగితే, "అక్కకు ఒక దయ్యం బాకీ ఉన్న. అది తీర్చి చెప్త," అనేవాడు. మూడేళ్లు ఈ మాటతోనే మేస్త్రీని దాటేశాడు.

2007 నవంబరులో మేస్త్రీ తిన్నగా నా దుకాణానికే వచ్చాడు. మావాడు లోపల గీస్తున్నాడు. ఆ ఏడు అమ్మకాలు బాగా పడిపోయాయి. అందరి ఇళ్లల్లో టీవీలో రోజూ దయ్యాల సీరియళ్లు, కుర్రవాళ్ల చేతుల్లో ఫోన్లు. తరువాతి సంచికకు కాగితం కొనలేదని అతనికి నేనింకా చెప్పలేదు. "ఈసారన్న వస్తవా?" అని మేస్త్రీ అడిగాడు. మావాడు ఎప్పుడూ చెప్పే బాకీ మాట ఈసారి అనలేదు. నా వైపు చూశాడు. రెండు రోజులు ఆగమని మేస్త్రీకి నేనే చెప్పాను.

మరునాడు వనపర్తికి పోయాను. అక్కడ గాజుల దుకాణం నడిపే ఒక ముస్లిం ఆవిడ మొదటినుంచి మా పుస్తకాలు గాజులతోపాటు అమ్మేది. పాత లెక్క తేల్చుకుని, ఇక పుస్తకం రాదని చెప్పివద్దామనే పోయాను. ఆమె చాయ్ పోసి అంతా విన్నది. మావాడి కాలి సంగతి ఆమెకు తెలుసు.

"పరేషాన్ గాకు అక్కా," అన్నది. "ఈసారి మూడు కథలు నేనే చెప్త. జిన్నులయి. మా ఆడోళ్లు టీవీల గివి యాడ జూస్తరు? వేసినయన్ని నాకే పంపు, గాజుల పెట్టెలల్ల పెట్టి అమ్ముత." చాయ్ గ్లాసు తీస్తూ, "జిన్నుకు నిండు మొకం మాత్రం గియ్యొద్దని మీ పిలగానికి చెప్పు," అన్నది.

"వాడెప్పుడు గీసిండమ్మా నిండు మొకం?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కాగితానికి సరిపడా డబ్బు ఆమే ముందు ఇచ్చి పంపింది. డిసెంబరులో వచ్చిన ఆ సంచిక పదిహేడోది. సంక్రాంతి దాటకముందే అంతా అయిపోయింది. మేస్త్రీ గుంపు అతను లేకుండానే పోయింది.

మరో రెండు సంచికలు వచ్చాయి. 2008 మేలో ఒక సాయంత్రం అతను వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. సేటు మళ్లీ పిలిపించాడట. కంప్యూటరులోకి ఎక్కించే ముందు డిజైన్లు చేత్తో గీసే మనిషి లేక అక్కడ పని సాగడం లేదట. నెల జీతం. ఊళ్లోనే.

"ఆడ కూసోని గీసుడే అక్కా. పొద్దుగాల పోతే మాపటికి వచ్చుడు. మన పుస్తకం ఎట్ల మరి?"

"రేపటిసంది పో. కుర్చీ ఎత్తెంత ఉన్నదో ముందే చూస్కో. కాలు కింద పీట ఏయించుకో, వెయ్యకుంటే అడుగు."

"ఇరవయ్యోది సగం దాంక గీసిన."

"నువ్వు ఎప్పుడైనా సగమే గద గీసింది. పో."

అతను పోయాక దుకాణం మూసి ఇంటికి వచ్చాను. ఆ రాత్రి చాలా రోజుల తరువాత కంటినిండా నిద్రపోయాను. ఎవరైనా వేరేవాళ్లతో గీయించవచ్చు కదా అని చాలామంది అన్నారు. నాకు ఆ అవసరం కనబడలేదు. అతను ఆ కుర్చీలోనే పదహారేళ్లు పనిచేశాడు. బొంబాయి ఇంతవరకు చూడలేదు.

మా పుస్తకానికి సంబంధించి పోయినవి ఇవి. ఇరవయ్యో సంచికకని రాసిపెట్టిన మూడు కథలు, బొమ్మలు లేక ఆగిపోయాయి. వచ్చిన పంతొమ్మిది సంచికల్లో ఒకటి, నాలుగు, ఐదు, తొమ్మిది, పదమూడు, ఈ ఐదింటికి ఒక్క కాపీ కూడా ఎక్కడా లేదు. చట్రాలన్నీ కడిగి పెండ్లికార్డులకు వాడాను కాబట్టి ఏ బొమ్మనూ మళ్లీ అచ్చువేయలేం. ట్రేసింగ్ కాగితాలు ఒక పెట్టెడు ఉంటే చెదలు తిన్నాయి. బల్మూరు అవ్వ 2009లో పోయింది. వనపర్తి గాజులావిడ 2013లో పోయింది. ఆమె చెబుతానన్న నాలుగో జిన్ను కథ నేను రాసుకోలేదు.