కొండ మీద కీమ్యాన్

హౌరాలో బయల్దేరిన లోకల్ టికియాపారా చేరేలోపు ఎక్కడో ఒకచోట ఆగకపోతే దానికి తోచదు. ఈవేళా ఆగింది. పక్క లైను మీద ఎవరో పట్టాని సుత్తితో కొట్టారు. ఠంగుమని మోగింది. బోగీలో ఎవరూ తలెత్తలేదు గానీ నేను మాత్రం రెండో దెబ్బ కోసం చెవి రిక్కించాను. మోత గట్టిగా, తేటగా ఉంటే పట్టా మంచిది. బొంగురు పోయిందంటే లోపల ఎక్కడో నెర్రె ఉందన్నమాట. కలకత్తా సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని బతికే నాకు ఈ సంగతి నేర్పినవాడు సింహాచలం బాబాయి.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. టికియాపారా రైల్వే క్వార్టర్లలో మా పక్కింటాయన. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నతనంలోనే వచ్చి పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరి, కీమ్యాన్‌గా రిటైరయ్యాడు. కీమ్యాన్ అంటే సుత్తీ పానా భుజాన వేసుకుని రోజూ తన వంతు లైనంతా కాలినడకన చూసేవాడు. వెళ్ళేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. వదులైనది బిగిస్తాడు, తన వల్ల కానిచోట సుద్దతో గుర్తు పెడతాడు. అన్నేళ్ళు ప్రతిదాన్నీ అనుమానించి జీతం తీసుకున్న మనిషి ఇంటికొచ్చాక మాత్రం ఎందుకు మారతాడు? కుర్చీని ఊపి చూసి గానీ కూర్చోడు. మా అమ్మ ఇచ్చిన టీని కూడా ఓసారి వాసన చూస్తాడు, అమ్మ చేత తిట్లు తింటాడు. ఆ సుద్దముక్కలతోనే క్వార్టర్ గోడ మీద నాకు అఆలు దిద్దించాడు. కాలనీలో నా ఈడువాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాకు వచ్చిందంటే ఆయన చలవే.

ఉద్యోగంలో నాలుగేళ్ళు గడిచాక, సెలవు పెట్టి రెండున్నర నెలలు థాయ్‌లాండ్, వియత్నాం, ఇండోనేషియా తిరిగొస్తానన్నాను. ఒంటరిగా. బుద్ధెరిగాక నేను ఒక్కదాన్నే చేసిన పనంటూ ఒక్కటీ లేదు, నా బాధంతా అదే. అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు బాబాయి గుమ్మంలో నిలబడి, "నానూ వత్తానే గుంటా. రిటైరైపోయి గోళ్ళు గిల్లుకుంటన్నాను" అన్నాడు. అమ్మ వెంటనే సరేనంది. అంత త్వరగా సరేననేసరికి నాకు అనుమానం అక్కడే పుట్టింది.

మొదటి మజిలీ థాయ్‌లాండ్‌లో ఒక దీవి. తెల్లటి ఇసుక, గాజులాంటి నీళ్ళు. నేను పరిగెత్తబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. లుంగీ ఎగగట్టి, నీటి అంచున ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి, ఈసారి నడుంలోతులో వెనక్కి వచ్చాడు. తువ్వాళ్ళ మీద పడుకున్న దొరలూ దొరసానులూ లేచి కూర్చుని చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. "ఎందుకు బాబాయ్, పరువు తీస్తావు?" అంటే, "అదిగో, ఆ రాతి కాడ నీరు లోనికి లాగతంది. అటేపు ఎల్లకు" అన్నాడు. సాయంత్రం గది బయట ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను. "బాగానే ఉంది... తింటంది... నేదు, ఒక్కతీ ఎక్కడికీ ఎల్లనేదు." అవతల ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. సముద్రం దాటినా అమ్మ కొంగు వదల్లేదని ఒళ్ళు మండింది.

తిండి దగ్గర ఇంకో గోల. వియత్నాంలో రోడ్డు పక్క చిన్న పీటల మీద కూర్చుని నూడుల్స్ పులుసు తెప్పించుకుంటే, నా గిన్నెలో మొదటి చెంచా ఆయనది. పక్కనే సీసాలో ఊరబెట్టిన చేపల రసం. నేను ముక్కు మూసుకుంటుంటే ఆయన మూత తీసి, పీల్చి, మొహం వెలిగించుకుని, "ఓలమ్మ! ఇది మన ఎండుసేపల వాసనే" అని మూడు చెంచాలు పోసుకున్నాడు. నూడుల్స్ బండి ఆవిడ తానూ ఓ గిన్నె తినేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు. అప్పటికి నాది చల్లారిపోయేది. ఇదంతా పెద్దరికమో, తిండి మీద ఆశో నాకు తేలలేదు. ఆశేనని తీర్మానించుకున్నాను, కోపంగా ఉన్నప్పుడు అలాంటి తీర్మానాలు సులువు.

అన్నిటికన్నా నన్ను తొలిచినవి ఆయన పొద్దుటి షికార్లు. ఏ ఊళ్ళో ఉన్నా తెల్లారకముందే మాయం. నేను లేచేసరికి తిరిగొచ్చేవాడు, చెప్పుల నిండా మట్టి, వేళ్ళకి తెల్లటి పొడి. "ఎక్కడికెళ్ళావు?" అంటే "గాలికి" అనేవాడు. తర్వాత కొండెక్కేటప్పుడు చూస్తే సగం దారిలోనే రొప్పుతూ కూలబడేవాడు. నా వల్ల కాదని ఇంట్లోనే ఉండొచ్చుగా, కాపలా కాకపోతే ఈ తిప్పలెందుకని లోపల సణుక్కునేదాన్ని. ఓసారి ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు సంచీ కూడా వెతికాను. సిగ్గుపడాల్సిన పనే. రెండు లుంగీలు, ఓ మందుల డబ్బా, కాగితంలో చుట్టిన సుద్దముక్కలు కనిపించాయి. రిటైరైన మనిషికి ఇక్కడ సుద్ద ఎందుకో అర్థం కాలేదు, దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఇండోనేషియాలో, జావాలో ఒక అగ్నిపర్వతం పక్క ఊళ్ళో దిగాం. ఆ కొండ ఎక్కాలన్నదే నా ప్రయాణమంతటికీ గురి. ఆ మాట బాబాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మర్నాడే అమ్మ ఫోన్ చేసి, "ఆ పొగ కొండ జోలికెళ్ళావంటే నామీద ఒట్టే" అంది. ఫోన్ పెట్టేసి ఆయన మీద విరుచుకుపడ్డాను. నువ్వు గూఢచారివన్నాను. ఒక్కరోజు కూడా నన్ను నా బతుకు బతకనివ్వలేదన్నాను. ఎల్లుండి మధ్యాహ్నానికి ఆయనకి విమానం టికెట్టు తీసేశాను. "రేపు ఎక్కకు. ఎల్లుండీ వద్దు. నానెల్లిపోనాక ఎక్కు" అన్నాడు. ఇది కూడా అమ్మ నేర్పిన ఎత్తేననుకున్నాను గానీ, చివరి మాట కదా అని ఒప్పుకున్నాను. వెళ్ళే రోజు పొద్దున్న కూడా మాయమయ్యాడు. కాస్త కుంటుతూ తిరిగొచ్చాడు. విమానాశ్రయంలో ఎవరికి చూపించాలో కాగితం రాసిచ్చి కారెక్కించాను. చెయ్యి ఊపాడు, నేను ఊపలేదు.

మర్నాడు ఎక్కాను, ఒక్కదాన్నే. మొదటి మలుపులో రాతి మీద చిన్న సుద్ద గీత కనిపించింది. ఎవరిదో అనుకున్నాను. తర్వాతి మలుపులో ఒక బాణం. పైకి వెళ్ళేకొద్దీ అన్నీ నాకు ఎడమ పక్కనే ఉన్నాయి. శిఖరానికి కొంచెం కింద, దారి ఇరుకై పక్కన లోయ ఉన్నచోట, అందరూ కాలు పెట్టడానికి అనువుగా కనిపించే ఒక నల్లరాయి ఉంది. దాని మీద గుండ్రటి తెలుగు అక్షరాలు: కదుల్తాది. కర్రతో పొడిచాను. రాయి పక్కకి ఒరిగి, లోయలోకి దొర్లుతూ పోయింది. అది కింద ఆగిన చప్పుడు నాకు వినిపించలేదు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. దేశదేశాల వాళ్ళు ఎక్కే ఆ కొండ మీద ఆ అక్షరాలు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఒక్క బండి కోసం లైనంతా నడిచాడు. దీవిలో, వియత్నాం కొండల్లో, ప్రతి పొద్దున్నా నేను నడవబోయే దారి ముందే ఓసారి నడిచొచ్చి, మళ్ళీ నాతో రెండోసారి ఎక్కాడు. అందుకే రొప్పేవాడు. దిగేటప్పుడు దారికి రెండో పక్కన వేరే గుర్తులు కనిపించాయి, వచ్చేటప్పుడు చూసే రెండో పట్టాలాగా.

టికియాపారా చేరగానే సరాసరి ఆయన క్వార్టర్‌కి వెళ్ళాను. క్షమించమంటే ఆయనకి కోపం వచ్చింది. "నువ్వన్నది తప్పేటి? మీ అమ్మకి రోజూ కబురు సెప్పినాను. కొండ సంగతీ నానే సెప్పినాను. అప్పటికి సూడనేదు, బయమేసింది. సూసినాక ఎల్లొచ్చనిపించింది" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "రాయి కదిలిందా?" అని అడిగాడు. కదిలిందన్నాను. ఆ పూట రెండు టీలు తాగాడు, వాసన చూసే తాగాడు.

చివరి రెండేళ్ళూ మోకాళ్ళు పట్టేసి ఆయన గుమ్మం దిగడమే గగనమైంది. ఒకరోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. నేను ముందు దిగి, మెట్లన్నీ తొక్కి చూసి, మూడో మెట్టు ఇటుక మీద సుద్దతో కదుల్తాది అని రాశాను. ఆయన వంగి చదివాడు. "నీ రాతని నమ్మమంటావేటి?" అని చేతికర్రతో తట్టాడు. ఇటుక ఊగింది. "సరిగ్గానే రాసినావు" అని నా భుజం పట్టుకుని దాటాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆ క్వార్టర్‌లో ఇప్పుడో బెంగాలీ కుటుంబం ఉంటోంది. ఇటుక సంగతి ఎన్నిసార్లు చెప్పినా బాగుచేసేవాడు రాలేదు, వానకి నా అక్షరాలు చెరిగిపోతుంటాయి. అమ్మని చూడటానికి వచ్చినప్పుడల్లా మళ్ళీ రాస్తాను. ఈవేళ లోకల్ దిగగానే చేసిన మొదటి పని అదే. ఆ ఇంటి కోడలు గుమ్మంలోకి వచ్చి, "ఎటా కీ లిఖ్‌ఛేన్, దీదీ?" అని నేను రాస్తున్నదేమిటో అడిగింది. ఈ ఇటుక కదులుతుందని రాశానన్నాను. ఆమె నా మొహంలోకి ఓసారి చూసింది. నమ్మలేదు. కిందికి దిగి, వంగి, తన చేత్తో కదిపి చూసుకుంది.

బాబాయి ఉంటే ఆ పిల్ల ఆయనకి ఎంతో నచ్చేది.