లేని నంబరులో పద్యసభ

1993లో నన్ను పెనుకొండ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి జూనియర్ టెలికం ఆఫీసరుగా, అంటే జె.టి.ఓ.గా వేశారు. పేరుకు ఆఫీసరునే. కింద ఓబులేసు అనే టెక్నీషియన్, ఇద్దరు లైన్‌మెన్లు. పైన హిందూపురంలో సబ్ డివిజనల్ ఆఫీసరు, ఎస్.డి.ఓ. గారు. ఇటు హిందూపురం నుంచి, అటు ధర్మవరం నుంచి కోడ్ తిప్పినవాళ్ళు మా ఎక్స్‌ఛేంజిలోకి వచ్చి పడేవారు.

అది పాత రకం ఎక్స్‌ఛేంజి. ఎవరైనా నంబరు తిప్పితే గదిలో సెలెక్టరు అనే ఇనుప యంత్రం టకటకమంటూ మెట్లెక్కి ఆ నంబరు దగ్గర నిలబడుతుంది. ఫోను పెట్టేస్తే టక్కున కింద పడుతుంది. కాల్‌కు ఒక సెలెక్టరు. అవన్నీ పైనే నిలబడిపోతే ఊరికి లైను దొరకదు.

సరిగ్గా అదే జరిగింది. రోజూ మధ్యాహ్నం, బజారు కునుకు తీసే వేళకు, కొన్ని సెలెక్టర్లు పైకెక్కి దిగేవి కావు. అవి నిలబడేదీ ఎవరికీ ఇవ్వని ఖాళీ నంబర్ల వరుసలో. అక్కడికి తిప్పితే "ఈ నంబరు లేదు" అని తెలిపే కూత ఒక్కటే రావాలి. కూఁ అని సాగి, క్షణం ఆగి, మళ్ళీ కూఁ.

"లేని నంబరుకు ఫోను జేసి ఇంతసేపు ఏమింటాండారు సార్ ఈళ్ళు?" అన్నాడు ఓబులేసు. "దయ్యాలతో మాట్లాడతాండారా ఏమి?"

పరీక్ష కోసం మేము లైను వినవచ్చు. విన్నది బయట పెట్టకూడదు, అది చట్టం. అందుకే ఎవరు పాడారో ఇప్పటికీ చెప్పను. ఎలా పాడారో మాత్రం చెబుతాను. అవును, పాడారు! టెస్ట్ ఫోను తగిలించి చెవిన పెట్టుకున్నానో లేదో, నాటక పద్యం! రాగం తీసి, తీసి, ఆకాశానికి ఎత్తి దించుతున్నాడు ఎవరో మహానుభావుడు. అవతల నలుగురైదుగురు "ఆహా" అంటున్నారు.

కారణం వెతికితే దొరికింది. ఆ కూతను ఒక్కో లైనుకు విడివిడిగా అందించాలి. ఏనాటి మరమ్మతులోనో అన్నిటికీ ఒకే తీగ కలిపేశారు. దాంతో అక్కడికి తిప్పినవాళ్ళంతా ఒకరికొకరు వినపడుతున్నారు. ఒకే ముంతలో మజ్జిగ నలుగురు పంచుకున్నట్టు, మనుషులు ఎక్కువయ్యేకొద్దీ కూత తగ్గేది, గొంతులు తేలేవి. అవతల ఎవరూ ఫోను ఎత్తరు కాబట్టి మీటరు తిరగదు, బిల్లు రాదు.

నన్ను నిలువునా ఆశ్చర్యపరిచింది అది కాదు. వాళ్ళు ఆ కూతనే శ్రుతిగా పెట్టుకున్నారు! మా శాఖ "లేదు, లేదు" అని మొత్తుకుంటుంటే దాని మీద పద్యం ఎత్తుకున్నారు. కూత ఆగే ఆ క్షణంలో ఊపిరి పీల్చుకునేవారు. హార్మోనియం పక్కన పెట్టుకున్నవాళ్ళు కూడా అంత పొందికగా పాడటం నేను వినలేదు.

పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు అన్నది వాళ్ళ కట్టుబాటు. అయినా దాగుతుందా? ఒకరి వెనక మగ్గం చప్పుడు వినిపించేది, ధర్మవరం అనుకున్నాను. ఇంకొకరు "దుడ్లిచ్చి టికెట్టు కొంటిమా ఏమి, ఇంకోటి పాడు" అన్నాడు, హిందూపురం వైపు మనిషే. ఒక స్త్రీ గొంతు మాత్రం మా ఊరిదే. లోకల్ లైను గనుక తీగ పట్టుకుని చూస్తే తెలిసిపోయింది. బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూతు నడిపే ఆమె. మాబున్ని అందాం, అసలు పేరు కాదు. కాలు పోలియోతో చచ్చుబడితే వికలాంగుల కోటాలో ఆ బూతు ఇచ్చారు. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం.

వాళ్ళ మధ్య తగాదాలూ తక్కువ కాదు. "ఏమబ్బా, రాగాన్ని గొంతు పిసికి సంపితివే!" అని ఒకడు, "నీది గొంతా, తగరం డబ్బానా?" అని ఇంకొకడు. ఎవరూ ఫోను పెట్టేసేవారు కారు. మరింత గట్టిగా వాదించుకునేవారు.

ఒక రోజు మాబున్ని పద్యం మధ్యలో ఉండగా కొత్త గొంతు దూరింది. ఆడదాన్ని అనరాని మాట అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంతలో నా కళ్ళ ముందు రాక్ అనే ఇనుప చట్రం మీద సెలెక్టర్లు టక్, టక్, టక్ మని పడిపోయాయి. ఒక్కటి మిగిలింది. పంచుకునేవాళ్ళు లేక కూత హోరెత్తింది. "హలో... హలో... యాడికి పోతిరి అందరూ?" అని అరిచాడు వాడు. జవాబుగా కూత. కాసేపటికి వాడి సెలెక్టరూ పడింది. మళ్ళీ ఒకటొకటిగా అన్నీ మెట్లెక్కాయి. ఆమె ఆపిన పాదం దగ్గరే అందుకుంది.

"సూస్తిరా సార్! ఎవురూ ఎవురికీ చెప్పలా!" అన్నాడు ఓబులేసు.

నిజమే. సైగ చేసుకోవడానికి ముఖాలు కనపడవు. పెద్ద అనేవాడు లేడు. తగాదా ఎక్కడ అయిపోయి బూతు ఎక్కడ మొదలయిందో అందరికీ ఒకే క్షణంలో ఎలా తెలిసింది? అలా ఇంకా రెండు మూడు సార్లు చూశాను. ఒక్కసారీ పొరబడలేదు.

తరువాత ధర్మవరం గొంతు ఒక పెద్దమనిషి మీద అప్పటికప్పుడు కట్టి ఎగతాళి పద్యం పాడింది. అందరూ పగలబడి నవ్వారు, ఎవరూ పెట్టేయలేదు. అది ఎలాగో ఆ పెద్దమనిషి చెవిన పడింది. మర్నాడే ఎస్.డి.ఓ. గారి ఫోను. ఖాళీ నంబరులో బూతులు మాట్లాడుతున్నారట, కాల్ పట్టుకుని ఎవరో తేల్చి, వాళ్ళ కనెక్షన్లు పీకేయాలట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా రాక్‌లో పట్టుకోగలిగింది పెనుకొండ లైనును మాత్రమే. బయటి ఊళ్ళవి ఊరి పేరు దాకా తెలుస్తాయి, మనిషి తెలియడు. అంటే పద్యం కట్టినవాడు దొరకడు. దొరికేది మాబున్ని. లైసెన్సు ఉన్న బూతు కాబట్టి ముందు పోయేది ఆమె బతుకే. "కాల్ పట్టడానికి రాతపూర్వక ఉత్తర్వు కావాలి సార్, రూలు" అన్నాను. ఆయన విసుక్కున్నారు. "నాకూ పైనించి ఒత్తిడి ఉండాదప్పా. ఎల్లుండికి కాగితం పంపిస్తా" అన్నారు.

కాగితం వచ్చేలోపు లోపం సరిచేస్తే పట్టడానికి కాలే ఉండదు. లోపం సరిచేయడం ఎలాగూ నా డ్యూటీనే. కానీ ఆ డ్యూటీ చేస్తే ఆ సభ పోతుంది.

ఎస్.టి.డి. బూతుల తనిఖీ నా పనుల్లో ఒకటి. మాబున్ని దగ్గరికి వెళ్ళి, మీటరు చూసి, చెప్పాను. "అమ్మా, రేపు సాయంత్రం ఖాళీ నంబర్ల మీద మరమ్మతు చేస్తాము. ఆ తరువాత కూత తప్ప ఏమీ వినపడదు."

ఆమె ముఖం పాలిపోయింది. "నా బూతుకు ఏమన్నా అయితాదా సార్?"

"రేపటికి పని పూర్తయితే ఏమీ కాదు."

"మా నాయన నాటకాలకి హార్మోని వాయించేటోడు సార్. ఆయప్ప పోయినాక పెట్టె అమ్మేస్తిమి. ఆ కూత ఇంటే ఆయనే శ్రుతి పట్టినట్టు ఉంటాది. ఐదు శ్రుతి సార్ అది, మీకు తెలుసునా?" అంది. తరువాత, "వాళ్ళకి చెప్పొచ్చునా?" అని అడిగింది.

"నీ ఫోను, నీ నోరు. చెప్పకూడదనే రూలు నాకే" అన్నాను.

మరునాడు చెప్పింది. ఎవరూ ఎందుకని అడగలేదు, ఎవరినీ తిట్టలేదు. "అట్లనా. అయితే తలా ఒకటి పాడుకుందాం పట్టండి" అంది హిందూపురం గొంతు. పాడినవాళ్ళు పాడినట్టే ఫోను పెట్టేశారు. ఒక్కో సెలెక్టరు పడేకొద్దీ కూత పెరిగింది. చివరికి ఆమె ఒక్కతే మిగిలింది, రాజ్యం పోగొట్టుకున్న రాణి పద్యంతో. చెవులు చిల్లులు పడే ఆ హోరు మీద గొంతు ఎత్తి, చివరి అక్షరం దాకా పాడింది. ఓబులేసు కళ్ళు తుడుచుకున్నాడు. సెలెక్టరు పడ్డాక తీగలు విడదీసి ఒక్కో లైనుకు కూత విడిగా పెట్టాము.

తరువాత వచ్చిన ఉత్తర్వుకు, లోపం సరిచేయబడినదనీ, పట్టుటకు కాల్స్ లేవనీ జవాబు రాశాను. "మహా ముదురువప్పా నువ్వు" అన్నారు ఎస్.డి.ఓ. గారు, అంతే. మాబున్ని బూతుకు ఏ ఆపదా రాలేదు.

2000 తరువాత, అప్పటికి నేను పనిచేస్తున్న ధర్మవరానికి ఇంటర్నెట్ వచ్చింది. పద్యనాటక ప్రియుల ఈ-మెయిల్ గ్రూపులో చేరితే, ఫోన్ల ఆఫీసరు కదా అని నన్నే మోడరేటరును చేశారు. అంటే ఎవరి ఉత్తరం ఉంచాలో, ఎవరిని తీసేయాలో చెప్పేవాడు. ఒకడు ఒక గాయని మీద బూతు రాశాడు. ఎవరూ జవాబివ్వకండి, వాడే పోతాడు అని అందరినీ బతిమాలాను. ఒక్కరు వింటేనా! తలా ఒక జవాబు రాసి, ప్రతి జవాబులో వాడి బూతును మళ్ళీ అచ్చు వేశారు. చివరికి బటన్ నొక్కి వాడిని తీసేశాను. వారం తిరగకముందే, రాగం బాగాలేదన్నవాడిని తీసేయమన్నారు. ఆపైన ఒక నాయకుడి మీద చలోక్తి విసిరినవాడిని. నేను ఒప్పుకోకపోతే ఇద్దరు అలిగి పోయారు.

అప్పుడు అర్థమయింది. పెనుకొండ లైనులో బటన్ ఎవరి చేతిలోనూ లేదు. అందుకే ఏది తగాదా, ఏది బూతు అన్నది ప్రతివాడూ ప్రతిసారీ తానే తేల్చుకుని, తన ఫోను తానే పెట్టేయాల్సి వచ్చింది. తేల్చే పని నా ఒక్కడికి అప్పగించగానే మిగతావాళ్ళు ఆ పని మానేశారు. గ్రూపుకు నేను ఇంకా మోడరేటరునే. ఎవరినైనా తీసేయమని ఎవరైనా రాస్తే, తీసేసే ముందు ఒక్క ప్రశ్న వేస్తాను: మీరు ఫోను ఇంకా ఎందుకు పెట్టేయలేదు?