పత్తి గదిలో పున్నమ్మ పాట

మా అత్తమ్మ పున్నమ్మ గొంతు విప్పిందంటే మిరపచేను ఆ చివరనున్న కూలీలు కూడా తలెత్తి చూస్తారు. టేకులపల్లి చుట్టుపక్కల ఏ పెండ్లయినా అప్పగింతల పాట ఆమెదే. పెండ్లికూతురు కంట తడి పెట్టకుండా మొండికేస్తే మా అత్తమ్మను ముందుకు తోస్తారు. ఆమె అందుకున్నాక పెండ్లికూతురేం ఖర్మ, వంటవాళ్ళు కూడా తువ్వాళ్ళతో ముక్కులు తుడుచుకుంటారు.

అలాంటి మనిషి పాడటం మానేసింది. పుణ్యం మా ఆడబిడ్డ కొడుకు అనిల్‌కుమార్‌ది. కూసుమంచిలో ఒక పెండ్లిలో ఆమె పాడుతుంటే ఫోన్‌లో తీసి, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వెనక బ్యాండు, పక్కన జనరేటరు, మధ్యలో మా అత్తమ్మ గొంతు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు వినబడింది. బంధువులంతా పోటీలు పడి నవ్వు బొమ్మలు పెట్టారు. అత్తమ్మ చివరిదాకా విని ఫోను నా చేతికిచ్చింది.

"నా గొంతు గిట్లుంటదా సుజనా? ఇన్నేండ్ల సంది ఒక్కలన్నా చెప్పలేదేందే?" అంది.

ఆ నవ్విన వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి కడిగేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఇంతలో నా కూతురు మనోజ్ఞకు పెండ్లి కుదిరింది. నాయనమ్మ పాడకపోతే కారెక్కనని అది, పాడి నీ పెండ్లి నవ్వులపాలు చెయ్యనని ఆమె. ఇద్దరికీ పట్టుదల ఒక్కచోట నుంచే వచ్చింది మరి. చివరికి మనోజ్ఞే పందెం కట్టింది.

"మంచి మైకు తెచ్చి ఇంట్లనే రికార్డు చేద్దాం నాయనమ్మా. తప్పు ఫోనుదా, నీ గొంతుదా తేలిపోతది. గొంతుదే అయితే మళ్ళ నిన్ను అడిగితే ఒట్టు."

అత్తమ్మ సరేనంది. అంతే, ముగ్గురం ఖమ్మం బస్సెక్కాం.

మోయిజ్ దుకాణంలో తబలాల నుంచి పెండ్లిళ్ళ సౌండు బాక్సుల దాకా అన్నీ ఉంటాయి. అతను మైకు బయటికి తీశాడో లేదో, అత్తమ్మ లాక్కొని నోటి దగ్గర పెట్టుకొని "ఉఫ్ ఉఫ్" అని ఊదింది. మోయిజ్ గుండె పట్టుకున్నాడు.

"అమ్మా, ఊదకు! ఇది కండెన్సర్ మైకు. చాన నాజూకు."

"ఊదకపోతే పన్జేస్తదో లేదో ఎట్ల తెల్వాలె బిడ్డా?"

"చీమ నడిచినా ఇంటది అమ్మా. దీంతోని తిప్పలే అది."

నల్లగా నిగనిగలాడే పెద్ద మైకు ఒకటి చూపించి, దానికి కరెంటు అందించే పెట్టె వేరే కొనాలన్నాడు. అది మా శక్తికి మించింది. పెట్టె నిండా స్టాండు, స్పాంజి, వైర్లు కూరిన చవక సెట్టు ఇంకొకటి తీశాడు. అత్తమ్మ కళ్ళు మెరిశాయి గానీ, దాంట్లో సరుకు కంటే అట్ట బరువెక్కువని మోయిజే పక్కన పెట్టాడు. చివరగా నేరుగా లాప్‌టాప్‌కు గుచ్చుకునే చిన్న యూఎస్‌బీ మైకు తెచ్చాడు.

"మీకు ఇది సాలు. గని మీ ఇంట్ల ఏమేం సప్పుళ్ళుంటయో చెప్పున్రి ముందుగల."

అత్తమ్మ మొదలుపెట్టింది. కోళ్ళు, బర్రె, పక్కింటి పిండి గిర్నీ, ఆర్టీసీ బస్సు హారను, కుక్కరు, టీవీ, అన్నిటికంటే పైన మా మామయ్య దగ్గు. మోయిజ్ ముఖం వాడిపోయింది. ఈ మైకు వాటన్నిటినీ పాటతో పాటు వడ్డిస్తుందన్నాడు. మెత్తటి వస్తువులున్న గది కావాలట, బొంతలో పరుపులో ఉంటే సప్పుడును మింగేస్తాయట.

"పత్తి గది!" అని మనోజ్ఞ కేకేసింది.

మా ఇంట్లో వెనక గది నిండా, ధర కోసం దాచిన పత్తి గోడల వెంట దూలాల దాకా ఉంది. మోయిజ్ బల్ల మీద చరిచి, "గంతకన్న మంచి స్టూడియో ఖమ్మంలనే లేదు అక్కా!" అన్నాడు. అప్పుడే మైకును ఎటు తిప్పి పాడాలో కూడా ఏదో చెప్పినట్టున్నాడు. మేం ముగ్గురం స్టాండు ఉచితంగా ఇమ్మని అతని మీద పడి ఉన్నాం, ఎవరు విన్నారు?

ఇంటికొచ్చేసరికి మామయ్య వెంకటరామారావు గుమ్మంలో ఉరిమి చూస్తున్నాడు. ధర పెరిగిందట, మర్నాడు పొద్దున్నే డ్రైవరు భద్రు తన డీసీఎం వ్యాను తెస్తాడట, పత్తి వెళ్ళిపోతుందట.

"పాటలు పాడుకుంట కూసుంటే రేటు ఆగుతదా?" అని గదిమాడు.

గది ఖాళీ అయితే సిమెంటు గోడల మధ్య గొంతు గణగణమంటుంది. ఉన్న గడువల్లా మర్నాడు ఆ బండి వచ్చేదాకానే.

మర్నాడు తెల్లారగానే అత్తమ్మ తలస్నానం చేసి వచ్చి మైకుకు బొట్టు పెట్టింది. ట్రాక్టరుకు పెట్టాం, ఫ్రిజ్జుకు పెట్టాం, దీనికి పెట్టకపోతే ఎలా? మైకుకు ఒక వైపు కంపెనీ అక్షరాలున్నాయి. అక్షరాల మీద కుంకుమ పూస్తే సరస్వతికి కోపమొస్తుందని, అక్షరాల్లేని వైపు పెట్టింది. బొట్టున్నదే ముఖం కదా! ఆ ముఖాన్ని తన వైపు తిప్పుకొని, పత్తిలో నడుం దాకా దిగబడి, కండ్లు మూసుకొని పాడింది. నాకు ఒళ్ళు పులకరించింది. పాట అయ్యాక ముగ్గురం లాప్‌టాప్ మీద పడ్డాం.

నూతిలోంచి ఎవరో మూలుగుతున్నట్టు వచ్చింది గొంతు.

అత్తమ్మ జుట్టులో ఇరుక్కున్న పత్తి పింజలు ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చుంది. "ఫోను తప్పు కాదు తియ్యి" అని మెల్లగా అంది. మనోజ్ఞ ఏడుపు ముఖం పెట్టింది. ఆపెయ్యమని నేను చెయ్యి చాపేంతలో, ఆ మూలుగు మీదుగా మామయ్య గొంతు పక్కన నిలబడి మాట్లాడుతున్నంత స్పష్టంగా పలికింది.

"భద్రూ, ఇయ్యాల రాకు. రేపు రా. రేటు తగ్గితే తగ్గనీ. మా ఆమె పాడుతున్నది. ఎన్ని దినాలయిందిరా ఇనక... గట్టిగ మాట్లాడకు, నేను ఇంటున్న."

ముగ్గురం గుమ్మం వైపు తిరిగాం. అక్కడ ఫోను పట్టుకొని నిలబడ్డ మామయ్య, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా దగ్గడం మొదలుపెట్టాడు. మేం నవ్వాపుకోలేక పత్తిలో పడి దొర్లాం. అత్తమ్మ సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది.

ముందు తేరుకున్నది మనోజ్ఞ.

"తాతయ్య గొంతు గింత సాఫ్‌గ ఎట్లొచ్చింది? ఆయన మైకు వెనకాల కదా ఉన్నడు... అయ్యో, అక్షరాలున్నదే దీని మొకం! నాయనమ్మా, నువ్వు దీని వీపుకు పాడినవ్!"

మైకును తిప్పాం. అత్తమ్మ మళ్ళీ పాడింది. ఈసారి ఇయర్‌ఫోన్లు ఆమె చెవులకే పెట్టాం. మొదట కనుబొమలు ముడిపడ్డాయి, తర్వాత విడిపోయాయి. మళ్ళీ పెట్టమంది. విన్నది. మళ్ళీ పెట్టమంది. మామయ్య ఆగలేక వచ్చి, ఒక ఇయర్‌ఫోను లాగి తన చెవిలో పెట్టుకొని ఆమె పక్కనే పత్తిలో కూలబడ్డాడు.

"గ్రూపుల పెట్టాల్నా నాయనమ్మా? నవ్వినోళ్ళందరికీ ఇనిపిద్దాం" అంది మనోజ్ఞ.

"వద్దు. పెండ్లికి వస్తరు గద, అప్పుడు ఇంటరు" అంది అత్తమ్మ, చెంపలు తుడుచుకుంటూ. "గని సౌండోళ్ళకు చెప్పు, అప్పగింతలప్పుడు మైకులన్నీ బందు చెయ్యాలె. నా గొంతు సాల్తది."