రైలు కట్ట కింద పద్నాలుగు అంగుళాలు

బందరు లైను పక్కన రెండో లైను వేశాక వచ్చిన తొలి సార్వాలో, అంటే వానాకాలపు పంటలో, సీతారావమ్మ గారు పోగొట్టుకున్నవి ఇవి: మూడెకరాల నాట్లు, అవి కుళ్లిపోయాక మళ్లీ వేసిన నాట్లు, గట్టు మీది కందిమొక్కలు, గడ్డివాములో కింది సగం. ఐదోది పోవడానికి సిద్ధంగా ఉంది. అది ఆ మూడెకరాల కౌలు.

చేను గుడివాడకూ బందరుకూ మధ్య, రైలు కట్టను ఆనుకుని ఉంటుంది. భూమి గలాయన అచ్యుతరావు గారు గుడివాడలో ఉంటారు. నేను చేపల చెరువులకు లెవెల్ చూస్తానని నన్ను పిలిపించారు. ఆటో లెవెల్ అంటే మూడు కాళ్ల మీద నిలిపే దుర్బిణి. దూరాన నిలబెట్టిన స్టాఫ్, అంటే అంకెలున్న పొడవాటి బద్దను దానిలోంచి చదివితే నేల ఎత్తుపల్లాలు తెలుస్తాయి. నేను ఎక్కడా చదివి నేర్చుకోలేదు, చెరువు గట్ల మీదే పట్టుబడింది.

"నీళ్లు దిగని చేలో వరేంటయ్యా? చెరువు తవ్విస్తాను. మట్టి ఎంతొస్తుందో చూడు," అన్నారాయన.

వెళ్లేసరికి సీతారావమ్మ గారు గట్టు మీద ఉన్నారు. అరవైకి దగ్గర పడిన మనిషి.

"తమ్ముడూ, ఆ మూడు కాళ్లు చూసి పెట్టు. పీత బొక్కలున్నాయి, నీ దుర్బిణి బురదలో కూర్చుంటది."

"చూసే పెడతానండి."

"నన్ను లేపడానికేగా వచ్చావు, రా, నేనే చోటు చూపిస్తా."

చేనంతా చదువుకుంటూ తూము దగ్గరకు వచ్చాను. చేల నీరు రైలు కట్ట కింద నుంచి అవతలి మురుగు కాలవలోకి దిగే దారి అది. పాత లైను కిందిది మీటర్ గేజ్ రోజుల నాటి ఇటుక తూము. బ్రాడ్ గేజ్ వచ్చినప్పుడు పైన మార్చారు గానీ తూము అడుగు గచ్చు ముట్టుకోలేదు. కొత్త లైను చేను వైపు పడింది కాబట్టి తూమును ఇటు కాంక్రీటుతో పొడిగించారు. ఆ కొత్త గచ్చు పాతదానికన్నా పద్నాలుగు అంగుళాలు ఎత్తుంది. చేలో నీరు అంత ఎత్తుకు నిలిస్తే గానీ దిగదు. దుర్బిణి చోటు మార్చి మళ్లీ చదివాను. అంతే వచ్చింది.

చెరువు మట్టి లెక్కతో పాటు ఈ అంకె కూడా అచ్యుతరావు గారికి చెప్పాను.

"నిన్ను పిలిచింది చెరువుకి కదా?"

"లెవెల్‌కి పిలిచారండి. లెవెల్లో ఇదీ వచ్చింది."

ఆయన "సరే, రైలు వాళ్లేమంటారో కనుక్కో. ఈ పంటకాలం ఆగుతాను," అన్నారు.

రెండో లైను వేయించిన సైట్ ఇంజనీరు కుర్రవాడే, మర్యాదస్తుడు. తూము దగ్గరకు స్వయంగా వచ్చి తన డ్రాయింగ్ చూపించాడు. "ఎండాకాలంలో లెవెల్స్ నేనే తీశానండి. నేల ఎక్కడుంటే గచ్చు అక్కడ వేశాం."

"ఇక్కడ అంత ఎత్తున నేల లేదండీ," అన్నాను.

వెనక నుంచి సీతారావమ్మ గారు అందుకున్నారు. "అది నేల కాదయ్యా, నా అడ్డుకట్ట. తూము నోటికి ఏటా ఎండల్లో వేస్తా, గేదెలు పడుకోడానికి నీళ్లు నిలవాలిగా. తొలకరికి తెంపేస్తా."

"మరి అప్పుడు చెప్పొచ్చు కదమ్మా?"

"నువ్వడిగావా? గొడుగేసుకుని దాని మీదే నిలబడ్డావు. గేదెలు తొక్కిన కట్ట, పిల్లోడు జారి పడడులే అనుకున్నా."

ఇంజనీరు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. గచ్చు వైపు చూస్తూ, "నా కట్టే నాకు అడ్డం పడిందా," అన్నారు.

ఎవరూ తప్పు చదవలేదు. ఇంజనీరు ఉన్నదే కొలిచాడు. ఆవిడ ఎప్పుడూ చేసేదే చేశారు.

పైన రైళ్లు తిరుగుతుండగా కాంక్రీటు పగలగొట్టడం కుదరదన్నాడు. దానికి వేరే మంజూరు కావాలట, రాసి పంపుతానన్నాడు. ఈలోగా రైలు కట్ట పక్కనే కాలవ తవ్వించి చేనును పక్క తూముకు కలిపాడు. దాని గచ్చు ఈ కొత్త గచ్చు కన్నా ఐదు అంగుళాలు పల్లం. మరుసటి సార్వాలో పై రెండెకరాలు ఆరి పంట చేతికొచ్చింది. తూము పక్క ఎకరం మాత్రం మునిగే ఉంది. అచ్యుతరావు గారు చెరువు తవ్వే పొక్లెయిన్‌ను పిలవలేదు. కౌలు మాత్రం ఏడాదికేడాదే ఇస్తున్నారు.

అప్పటి నుంచి స్టాఫ్ నిలబెట్టే ముందు అక్కడి వాళ్లను అడుగుతున్నాను, ఈ మట్టి ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుందా అని. దుర్బిణికి ఆ రోజు ఉన్నదే కనబడుతుంది.

మంజూరు ఇంకా రాలేదు. పద్నాలుగు అంగుళాల్లో ఐదు వచ్చాయి. సీతారావమ్మ గారి చేనుకు రైలు కట్ట ఇంకా తొమ్మిది అంగుళాలు బాకీ.